దొడ్డికి కంచె, తక్కువ ఖర్చుతో
(మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చిరుతపులి మేకను చంపితే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకుంటాం. వీధికుక్కలు ఒక్క రాత్రిలో పది గొర్రెల గొంతులు కొరికితే ఎవరి దగ్గరికి పోవాలి? 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. పంచాయతీని గట్టిగానే అడుగుదాం. కానీ ఈ రాత్రి దొడ్డిని కాపాడుకోవాల్సింది మనమే.

మనలో చాలామందిమి ముళ్లకంప వేసి ఊరుకుంటున్నాం. కుక్క కింద తవ్వుకుని దూరుతుంది. ఐదడుగుల ఎత్తు జాలీ కట్టినా సరే, అడుగున మరో అడుగు జాలీని బయటి వైపుకు మడిచి నేల మీద పరవాలి. దాని మీద రాళ్లు పెట్టి మట్టి కప్పాలి. అప్పుడు ఎంత తవ్వినా గోళ్లకు జాలీయే తగులుతుంది. గుంజలకు కొత్త ఇనుము కొననక్కర్లేదు. పనికిరాని బోరు పైపులు, సర్వి బాదులు చాలు. వానాకాలంలో గిరిపుష్పం కొమ్మలు నాటితే కొన్నాళ్లకు అవే గుంజలవుతాయి, ఆకు మేకలకు మేత. అంత జాలీ కొనలేకపోతే కింది మూడడుగులకు జాలీ వేసి, పైన కంప కట్టండి. తలుపు కింద సందు మాత్రం మరవకండి. మేం చూసిన దొడ్లలో కుక్కలు దూరింది ఎక్కువగా అక్కడే.

కంచెకు కరెంటు పెట్టొద్దు. రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లిన మన రైతులే ఆ తీగలకు బలయ్యారు. విషం పెట్టడం నేరం, పైగా ఆ ముక్క ముందు తినేది మన కాపలా కుక్కే.

జాలీ చుట్టలు నలుగురు కలిసి కొంటే బేరం కుదురుతుంది. కావాల్సినవాళ్లు సభ అయ్యాక శాఖ కార్యదర్శి దగ్గర పేరు, కావాల్సిన గజాలు రాయించండి.