మన్యములోని మహాశిఖరము

తూర్పుకనుమలలో మిక్కిలి యెత్తైన కొండ యేదని మా చిన్ననాడు బడిలో నడిగినచో మహేంద్రగిరి యని చెప్పెడివారము. పురాణప్రసిద్ధి గల కొండ గనుక దానికాపేరు వచ్చినది. దాని యెత్తు 1501 మీటర్లు. మా చింతపల్లి యున్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండ 1680 మీటర్లు, జింధగడ 1690 మీటర్లు. ఈ రెంటికిని భేదము ఒక తాటిచెట్టెత్తైనను లేదు. ఒడిసాలోని దేవమాలి 1672 మీటర్లతో వీని వెనుకనే యున్నది.

అర్మకొండకు పోగోరువారు చింతపల్లి నుండి జి. మాడుగుల మీదుగా పాడేరు చేరవచ్చును. మైదానమువారు చోడవరము మీదుగా ఘాటీ యెక్కి వత్తురు. బస్సు సుఖ మంతటితో సరి. తిరుమలకు వలె ఇచ్చట మెట్లు లేవు. ఉన్నవి కాలిబాటలు, అవియు శిఖరమునకై పుట్టినవి కావు. పోడుచేనికి, అడ్డాకులకు, కట్టెలకు పోవు గిరిజనుల పాదములు వేసినవి. కనుక ఒక బాట చోడిచేని వద్ద నాగును, మరియొకటి గెడ్డ వద్ద. ఏది పైకి పోవునో ఆ యూరివారికే యెరుక. వానకాలమున గెడ్డలు పొంగును, రాళ్లు జారును. ఆ దినములలో పోరాదు.

ఒక మార్గశిరమున నేను బయలుదేరితిని. బగత వృద్ధు డొకడు ముందు నడిచెను. కాఫీతోటలు, వానికి నీడనిచ్చు సిల్వరు ఓకులు, వానిని ప్రాకిన మిరియపు తీగలు దాటితిమి. తరువాత అడవి, అటుపై గడ్డియు రాయియు. ఈ కనుమలలో విరివిగా నుండు రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అందురు. మన కోదుల పేరే దానికి పెట్టిరి.

శిఖరము చేరువైనదనగా వృద్ధుడు నిలిచెను.

“బాబూ, మంచు దిగుతోంది. ఇంక పైకొద్దు.”

“ఇంత దూరము వచ్చి మరలుదుమా అన్నా?” అని కోపముతో ఇరువది యడుగులు ముందుకు వేసితిని. వెనుదిరిగి చూతును గదా, అతడును లేడు, బాటయు లేదు, నా చేతికఱ్ఱ కొనయు కానరాలేదు! నిజము చెప్పవలెనన్న, కాళ్లు వణికినవి. అంతలో “అక్కడే కూకోండి బాబూ” అని కేక వినబడెను. కూర్చుంటిని. ఆ కేకలను పట్టుకొని అతడు నన్ను చేరినాడు. ఒక్కమాటయు ననలేదు.

ఆ యేడే ఫాల్గుణమున మరల అతని వెంటనే వెళ్లి శిఖరమెక్కితిని. వరుసవెంట వరుసగా కొండలు నీలముగా కనబడినవి. నేనింకను చూచుచుండగనే అతడు ప్రొద్దువంక చూచి, కఱ్ఱ తీసికొని, దిగుటకు ముందు నడిచెను.