కొత్త బ్యాటరీ ఏసినా బండి స్టార్ట్ అయితలేదా?

ఇయ్యాల మా బాపు పాత పికప్ ముచ్చట.

పోయిన డిసెంబర్‌ల పత్తి లోడుతోటి ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పోతున్నడు. పొద్దుగాల ఇచ్చోడ కాడ చాయ్ తాగి వచ్చి సెల్ఫ్ కొడితే టక్ టక్, అంతే. ఆ చలి మీకు తెలుసు గదా! నలుగురు నూకితే స్టార్ట్ అయింది. "మూడు నెలల్ల రెండు బ్యాటరీలు మార్చిన, ఇంకేం మార్చాల్రా?" అని ఫోన్ల గరమైండు.

నేను మెకానిక్‌ను కాదు, కోడ్ రాసినోన్ని. కానీ డీబగ్గింగ్ ఎక్కడైనా ఒక్కటే, ముందు కొలవాలె.

బండి కరీంనగర్ ఇంటికొచ్చినంక మల్టీమీటర్ పెట్టిన. బ్యాటరీ 12.6 వోల్టులు. అంటే ఫుల్. మరి కరెంటు ఎక్కడ పోతుంది?

ఇప్పుడు జాగ్రత్తగా చూడుండ్రి. గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ ఏసి ఉండాలె. మీటర్ డీసీ వోల్ట్స్‌ల పెట్టి, ఎర్ర వైరు ఇంజన్ ఇనుముకు, నల్లది బ్యాటరీ మైనస్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టమన్న. అర వోల్టు లోపే రావాలె. మాకు 1.9 వచ్చింది! ప్లస్ వైరు ఎంత మంచిగున్నా, కరెంటు తిరిగొచ్చే తొవ్వ ఎర్త్ వైరే. అక్కడ పోయిన వోల్టులు సెల్ఫ్ మోటారుకు అందవు.

కిందికి దూరి చూస్తే, ఎర్త్ వైరు బోల్టు కాడ పచ్చటి చిలుము. బ్యాటరీ మైనస్ తీసేసి, గరుకు కాగితంతో మెరిసేదాకా రాకి, బోల్టు బిగించినం. మళ్ల కొలిస్తే 0.2. ఒక్క సెల్ఫ్‌కే లేచింది.

బాపు ఏమనలే. డ్యాష్‌బోర్డుల నుంచి రెండు బ్యాటరీల బిల్లులు తీసి చూసుకుంట కూసున్నడు.