గాలం తాడు చిక్కుపడకుండా

ఒడ్డున నిలబడి నాలుక చేపకు గాలం వేసేవారిని ఏడిపించేది చాలాసార్లు చేప కాదు, చిక్కు. పోటు ఎక్కే వేళ చేప ఒడ్డు దాపుకు మేతకు వస్తుంది. ఆ అదనులో అరగంట ముడులు విప్పుకుంటూ కూర్చుంటే ఆనాటి కూరకే కరువు.

నాలుక చేప ఇసుకనంటి పడుకునే జీవి. కళ్లు రెండూ ఒకే పక్కన ఉంటాయి. దానికి ఎర నేలమీదనే అందాలి గదా అని కొందరు పిల్ల తాళ్లను మూరెడేసి వదులుతారు. చిక్కు పుట్టేది అక్కడే. విసిరినప్పుడు సీసపు గుండు ముందు పోతుంది. ఎర గాలికి వెనకబడి గిరగిర తిరుగుతూ పక్క తాడును చుట్టేస్తుంది.

కాబట్టి పిల్ల తాడు జానెడుకు లోపే ఉంచండి. ముడికీ ముడికీ నడుమ మూరకు మించి ఎడం ఇవ్వండి. రెండు జానలు కలిస్తే మూరే. ఇక ఒక గాలం మరొకదాన్ని అందుకోలేదు. పొట్టి తాడైతే ఎర కిందికి చేరదేమో అంటారా? గుండు పడ్డాక పెద్ద తాడును కాస్త వదులు చేయండి, ఎర ఇసుకమీదికే దిగుతుంది. పిల్ల తాడుకు మరీ సన్నం వద్దు, కాస్త బిరుసు నైలానే మేలు. చుట్టలు పడి ఉంటే ముందుగా సాగదీయండి. ఎరకు వేలాడే తోక ఉంచకండి.

అసలు కిటుకు విసరడంలో ఉంది. గుండు నీటిని తాకబోయే ముందు, జారిపోయే తాడును వేలితో మెల్లగా నొక్కండి. గుండు వేగం తగ్గి తాడు బిగుస్తుంది, గాలాలు వరుసగా, తిన్నగా పడతాయి. వేలికి తోలు ముక్క తొడుక్కోండి, లేకుంటే నైలాను కోసేస్తుంది. ఇది చీకట్లో పట్టుబడదు. పగటిపూట గాలాలు లేకుండా ఉత్త గుండు నాలుగుసార్లు విసిరి చూసుకోండి.