చిరిగిన అట్ట, అతికిన బుడగ

బొమ్మను ఇంటికి తెచ్చిన వెంటనే దాని కట్టు విప్పి పారవేయుట లోకములోని వాడుక. సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు మన ఇండ్లలో తాతల నాటి బొమ్మలు మెట్లపై కొలువుదీరును గాని, వానిని చుట్టి తెచ్చిన కాగితమును ఎవరును దాచరు. ఇందుకు పూర్తిగా విరుద్ధమైన అలవాటొకటి అమెరికాలో ప్రబలి, నేడు అనేక దేశములకు వ్యాపించినది. బొమ్మను విప్పక, దుకాణములో వ్రేలాడిన అట్టతోనే దానిని భద్రపరచుట ఆ అలవాటు. అట్లు దాచిన వానిలో కొత్తవలె మెరయునవి కొన్ని మాత్రమే. నలిగినవి, చిరిగినవి, ఊడిపోగా మరల అతికినవి పెక్కు. మేము కూర్చుకొనునవి ఈ రెండవ తెగవే. వానిని గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ బొమ్మలను యాక్షన్ ఫిగర్లు అందురు. 1964లో హాస్‌బ్రో కంపెనీవారు ‘జి.ఐ. జో’ అను పండ్రెండంగుళముల సైనికుని బొమ్మను విడుదల చేసిరి. దానికి దుస్తులు మార్చవచ్చును, కీళ్లు వంచవచ్చును. ఆడపిల్లల బొమ్మకు వాడు ‘డాల్’ అను పేరు దీనికిని పెట్టినచో మగపిల్లలు కొనరని శంకించి, వారు ఈ కొత్త పేరును కల్పించిరి. ఆ బొమ్మ పెట్టెలో వచ్చెడిది. అట్టకు అంటించిన చిన్న బొమ్మలకు గొప్ప ప్రాచుర్యము తెచ్చినవారు సిన్సినాటి నగరమునందలి కెన్నర్ కంపెనీవారు.

1977 మే 25న ‘స్టార్ వార్స్’ చలనచిత్రము విడుదలైనది. దాని విజయము కెన్నర్ వారి అంచనాలను మించిపోయినది. క్రిస్మస్ పండుగ నాటికి బొమ్మలు సిద్ధము కాలేదు. అప్పుడు వారు బొమ్మలు లేని ఒక అట్ట సంచిని, అందులో ఒక పత్రమును పెట్టి అమ్మిరి. ఆ పత్రమును తపాలాలో పంపినవారికి 1978లో ల్యూక్ స్కైవాకర్, లేయా రాకుమారి, చ్యూబాకా, ఆర్టూ డీటూ అను నాలుగు బొమ్మలు చేరినవి. అనగా పండుగనాడు పిల్లల చేతికి వచ్చినది అట్టయే. బొమ్మ తరువాత వచ్చినది! ఆ యేడే మూడుముప్పాతిక అంగుళముల బొమ్మలు పండ్రెండు, ఒక్కొక్కటి సుమారు రెండు డాలర్ల వెలకు దుకాణములకెక్కినవి. అట్ట వెనుక ఆ పండ్రెండింటి ఛాయాచిత్రములు ఉండుటచే ఆ తొలి అట్టలను సేకర్తలు నేటికిని ‘ట్వెల్వ్ బ్యాక్’ అని పిలుచుచున్నారు.

అట్ట నిర్మాణము చూడ సులభమే. ముందు భాగమున రంగుల చిత్రము. దానిపై పారదర్శకమైన ప్లాస్టిక్ గూడు. దీనినే బబుల్, అనగా బుడగ అందురు. బుడగ అంచును వేడిమితోను, ఒత్తిడితోను అట్టకు అతికింతురు. పైన కొక్కెమునకు తగిలించుటకు ఒక రంధ్రము. ఇది దుకాణమునుండి ఇంటివరకు ప్రయాణించుటకు చేసినదే గాని నలువదియేండ్లు నిలుచుటకు చేసినది కాదు. కాలము గడచిన కొలది బుడగ పసుపుబారును, పెళుసెక్కును. అట్ట వంగును, మూలలు మెత్తబడును. వెల చీటిని పెరికినచోట పైపొర లేచిపోవును.

ఇంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. అట్టను కత్తిరింపుడని చెప్పినవారు తయారుచేసినవారే! కెన్నర్ అట్టలపై కొనుగోలు గుర్తులు ముద్రించి, కొన్నిటిని కత్తిరించి పంపినచో ఒక బొమ్మ ఉచితమనిరి. 1979లో బోబా ఫెట్ అను బొమ్మను నాలుగు గుర్తులకు బదులుగా ఇచ్చిరి. 1982లో మూడుముప్పాతిక అంగుళముల పరిమాణమున తిరిగి వచ్చిన జి.ఐ. జో అట్టల వెనుక ఆ పాత్రయొక్క వివరములు గల చీటి ఉండెడిది. దానిని కత్తిరించి దాచుకొనవలెను. కావున నేడు అంచు తెగిన అట్టను చూచి ‘పాడైనది’ అనుట సరికాదు. ఒక పిల్లవాడు కత్తెర పట్టి, కవరుపై తపాలాబిళ్ల అంటించి, వారములకొలది తపాలాబంట్రోతు కొరకు ఎదురుచూచినాడని ఆ ఖాళీ చెప్పుచున్నది. చెక్కుచెదరని అట్ట దుకాణపు చరిత్రను మాత్రమే చెప్పును. తెగిన అట్ట ఇంటి చరిత్రను గూడ చెప్పును.

విపణి మాత్రము ఈ మాటను ఒప్పుకొనదు. అట్ట మూలలను, బుడగ స్వచ్ఛతను పరీక్షించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చు సంస్థలు వెలసినవి. అంకె పెరిగిన కొలది వెల పెరుగును. మధ్యతరగతివారికి ఆ మెట్టు అందదు. నలిగిన అట్టయే వారికి తలుపు తెరచును. ఇందులో తక్కువతనమేమియు లేదు.

ఇక అతికిన బుడగల సంగతి. ఇక్కడ జాగ్రత్త అవసరము. ఊడిపోయిన బుడగను దాని అట్టకే మరల అతికి, ‘ఇది అతికినది’ అని చెప్పి అమ్మువారు కలరు. ఆడిన బొమ్మను పాత అట్టపై పెట్టి, కొత్త బుడగ కప్పి, ‘ఎన్నడును విప్పనిది’ అని అమ్మువారును కలరు. చేతిపని ఒక్కటే, మొదటిది మరమ్మతు, రెండవది మోసము. జావా అను చిన్న బొమ్మను చూడుడు. 1978లో మొదట దానికి ప్లాస్టిక్ అంగీ తొడిగిరి. కొలదికాలమునకే గుడ్డ అంగీకి మార్చిరి. ప్లాస్టిక్ అంగీది అరుదగుటచే దాని వెల ఆకాశమునంటినది. అంగీ మార్చుట పిల్లలాట వంటిది. నకిలీలు పుట్టుటకు అంతకంటె ఏమి కావలెను?

మోసమును పట్టుటకు కొన్ని ఆనవాళ్లు కలవు. వేడిమితో అతికిన అంచు చుట్టును ఒకే తీరుగ ఉండును. జిగురుతో అతికినది కొన్నిచోట్ల పొంగి, కొన్నిచోట్ల పలుచబడి, లోపల గాలి చుక్కలు చూపును. తొలి బుడగ ఊడినప్పుడు అట్టయొక్క రంగుపొర కొంత దానితో లేచివచ్చును. ఆ గాయము కొత్త అంచు క్రింద కనబడును. అతినీలలోహిత దీపము క్రింద పెట్టినచో పెక్కు జిగురులు తెల్లగా వెలుగును. అట్ట మిక్కిలి పాతబడి బుడగ మాత్రము గాజువలె మెరయుచున్నను అనుమానింపవలెను. ఎన్నడును విప్పని బొమ్మకు ముక్కుపై రంగు చెరుగుట ఎట్లు? కాళ్లు వదులగుట ఎట్లు?

‘బొమ్మ అదే, అట్ట అదే, మధ్య ఇంత జిగురున్న నష్టమేమి?’ అని కొందరు అడుగుదురు. చెప్పిన జిగురువలన నష్టమేమియు లేదు. మేమును అట్టివానిని సంతోషముతో కొనుచున్నాము. దాచిన జిగురే నష్టము. ఏ అంగీ ఏ అట్టపై వచ్చినది, ఏ ఆయుధము ఏ బుడగలో ఉన్నది అను సంగతులను రాబోవువారు ఈ అట్టలను చూచియే తెలిసికొనవలెను. ఒక్క అబద్ధపు అట్ట కొనువాని డబ్బునే గాక, ఈ సాక్ష్యమును గూడ చెడగొట్టును.

ఇది మనకు బొత్తిగా దూరపు ముచ్చట కాదు. మద్రాసుకు చెందిన ఎం.ఆర్.ఎఫ్. సంస్థ హాస్‌బ్రో వారితో కలిసి 1987లో నెలకొల్పిన ఫన్‌స్కూల్ కంపెనీ మన దేశములోనే జి.ఐ. జో బొమ్మలను అట్టలపై అమ్మినది. వానిని నేడు విదేశీయులు వెదకి కొనుచున్నారు. ఎవరి యింటి అటకమీదనైన అట్టిది కనబడినచో దానిని పారవేయవద్దు. చిరుగును పారదర్శకపు టేపుతో అతుకవద్దు. దాని జిగురు కొన్నియేండ్లకు అట్టను మరకపరచును. వెల చీటిని పెరుకవద్దు, అదియు చరిత్రయే. ఎండ సోకనిచోట, తేమ తగులనిచోట నిలువుగ పెట్టవలెను. కోస్తా ప్రాంతములవారు వానకాలమున మరింత శ్రద్ధ వహింపవలెను. తేమకు అట్ట ఉబ్బును, పురుగులు చేరును.

మరమ్మతు చేసితిరేని ఆ సంగతిని ఒక చీటిపై వ్రాసి, తేదీ వేసి, బొమ్మతోనే ఉంచుడు. రేపు దానిని కొనువాడు, ఎల్లుండి పరిశీలించువాడు మీ మాటను నమ్ముటకు అంతకంటె వేరొక ఆధారము అక్కరలేదు.