ముందు బ్రేకు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను డీఏ లెక్కల గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవారు ఈ హాల్లో ఇరవై మందికి తక్కువ లేరు. అందుచేత వారి అనుమతితో ఒక పాత మోటారు సైకిలు ముందు బ్రేకు గురించి చెబుతాను. నవ్వకండి. ఇందులో నేను సభాముఖంగా ఒప్పుకోవలసిన విషయం ఒకటి ఉంది.

బండి 1970 నాటి జావా 250. మైసూరులో ఐడియల్ జావా వారు 1961 నుంచి తయారుచేసిన రకం. కిక్కు కొట్టే కడ్డీనే తిప్పితే గేరు కడ్డీ అయ్యే బండి అంటే మీలో చాలామందికి గుర్తొస్తుంది. 1979లో జీపీఎఫ్ అడ్వాన్సు పెట్టి సెకండ్ హ్యాండులో కొన్నాను. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. బండి మాత్రం నాతోపాటు మూడు ఇళ్ళు మారి, ఇప్పుడు మాదాపూర్‌లో మా అబ్బాయి అపార్ట్‌మెంటు సెల్లార్లో, ఖరీదైన కార్ల మధ్య, టార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉంది.

మా మనవడు అక్కడికి దగ్గర్లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన దసరా సెలవుల్లో ఆ టార్పాలిన్ ఎత్తి చూసి, "తాతయ్యా, దీన్ని మళ్ళీ నడిపిద్దాం" అన్నాడు. 2021 జులైలో కేంద్రం పాత వాహనాల రిజిస్ట్రేషనుకు నియమాలు తెచ్చిందట. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మారని బండిని వింటేజ్ కింద నమోదు చేస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. రోజూ తిరగడానికి కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఉత్తర్వులు చదవడం నా వృత్తి కనుక రెండుసార్లు చదివి, సరేనన్నాను. ఒక షరతు పెట్టాను. ఇంజను సంగతి తర్వాత, మొదట ముందు బ్రేకు. వాడు విడ్డూరంగా చూశాడు.

మన కాలంలో ఒక నమ్మకం ఉండేది, మీరంతా ఎరుగుదురు. ముందు బ్రేకు నొక్కితే పల్టీ కొడతామని. నాకు బండి నేర్పిన ఆయనా అదే చెప్పాడు, నేనూ నలుగురికి చెప్పాను. అందులో సగం నిజం లేకపోలేదు. ఇసుకలో, తడి రోడ్డు మీద, మలుపులో ముందు చక్రం బిగుసుకుపోతే పడతాం. కానీ తిన్నగా వెళ్ళే బండిని ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత నొక్కినా జారుతుంది తప్ప ఆగదు. బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. ఇప్పుడు కొత్త బండ్లలో 125 సీసీ వరకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటో, ఆ పైన ఏబీఎస్సో ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. మనకు ఆ సంగతి చెప్పినవాడు లేడు.

ఇక పని. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం లేపాం. కేబుల్ తప్పించి, యాక్సిల్ లాగి, చక్రం దింపాం. నా మోకాళ్ళు సహకరించవు కనుక నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పడం, పానా పట్టుకుని వాడు చేయడం. ఒకప్పుడు నేను నోట్ రాస్తే ఆఫీసరుగారు సంతకం పెట్టేవారు. ఇక్కడా దాదాపు అదే పద్ధతి.

బ్రేకు ప్లేటు ఊడదీయగానే వాడు నోటితో ఉఫ్ అని ఊదబోయాడు. గట్టిగా అరిచి ఆపాను. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే, పాతిక ముప్పై ఏళ్ళ తర్వాత కూడా జబ్బు బయటపడవచ్చు. ఇంట్లో ఇలాంటి పాత బండ్లుంటే గుర్తుంచుకోండి: ఊదకూడదు, పొడిబ్రష్షుతో దులపకూడదు. మాస్కు కట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయాలి. ఆ రోజుల్లో మెకానిక్కులు రోజంతా ఊదుతూనే ఉండేవారు, మనం పక్కన టీ తాగుతూ నిలబడేవాళ్ళం.

లోపల రెండు షూలు, రెండు స్ప్రింగులు, ఒక కామ్, అంతే యంత్రం. చేతి లివరు లాగితే కామ్ తిరిగి షూలను డ్రమ్ముకు అదుముతుంది. రెండింట్లో ఒక షూని తిరిగే డ్రమ్ము తనలోకి లాక్కుని ఇంకా గట్టిగా పట్టిస్తుంది, రెండోదాన్ని వెనక్కి తోస్తుంది. అంటే ఇద్దరు గుమాస్తాలున్న సెక్షన్లో ఒకడే పనిచేయడం లాంటిది.

మావాడు షూలను పుస్తకం మడిచినట్టు మడిచి తీసి, వెలుతురులో పట్టుకుని చూశాడు. "తాతయ్యా, లైనింగ్ అసలు అరగనే లేదే! నువ్వు ఈ బ్రేకు ఎప్పుడూ వాడలేదా?"

మా ఆవిడ అప్పుడే టీ ఫ్లాస్కు పట్టుకుని లిఫ్టు దిగి వచ్చింది. ఆవిడ ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. ఆ సంగతి చెప్పాలి.

1986 వానాకాలం. ఇప్పుడు 2019 నుంచి రాయదుర్గం మెట్రో స్టేషనున్న ప్రాంతం అప్పుడు బండరాళ్ళు, తుమ్మచెట్లు. సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయిగారు ప్రారంభించింది 1998 నవంబరులో, ఆ మాటకు ఇంకా పన్నెండేళ్ళుంది. పాత బొంబాయి రోడ్డు మీద లింగంపల్లి వైపు ఒక పెళ్ళికి పోతున్నాం. పల్లంలో గేదెల మంద అడ్డం వచ్చింది. వెనక బ్రేకు మీద నిలబడ్డాను. చక్రం జారింది, బండి అడ్డంగా తిరిగి పడింది. నాకు మోచేయి గీరుకుంది. ఆవిడ మోకాలు విరిగింది. నాలుగు నెలలు మంచంలో ఉంది, కాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు.

అప్పటికి ముందు బ్రేకు కేబుల్ తెగి ఎనిమిది నెలలు. అప్పట్లో దాని ఖరీదు మా ఇంట్లో వారం కూరగాయల ఖర్చుకు మించదు. వేయిద్దాం, చూద్దాం అంటూ పెండింగులో పెట్టాను. ఎలాగూ వాడని బ్రేకే కదా అనుకున్నాను. 1983లో కొత్త షూలు వేయించింది నేనే, ఆ లైనింగులే ఇప్పుడు వాడి చేతిలో ఉన్నాయి. అడిగిన ప్రతివారికీ గేదెలు అడ్డం వచ్చాయనే చెప్పాను. దాదాపు 40 ఏళ్ళు ఆ చార్జిషీటు గేదెల మీదే నడిచింది.

ఆ సెల్లార్లో, మనవడి ముందు, ఆవిడకు ఈ మాట మొదటిసారి చెప్పాను. ఫ్లాస్కు మూత తిప్పుతూ అన్నది: "నాకు తెలుసు లెండి. ఆ తెగిన తీగ వేలాడుతుంటే చూస్తూనే ఎక్కి కూర్చునేదాన్ని." అంతకంటే ఒక్క మాట అనలేదు. టీ పోసి ఇచ్చి వెళ్ళిపోయింది. ఎందుకు అడగలేదని నేనూ అడగలేదు.

ఆ రోజు ఇక పని సాగలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ కూర్చున్నాం.

లైనింగు మందంగా ఉన్నంత మాత్రాన పనికిరాదు. ఏళ్ళ తరబడి బేరింగు గ్రీజు కారి అందులో ఇంకింది, పైభాగం గాజులా గట్టిపడింది. గ్రీజు తాగిన లైనింగును కిరసనాయిలుతో కడిగినా, కాల్చినా బాగుపడదు. మార్చాల్సిందే. రాణీగంజ్‌లో ఒక పెద్దాయన పాత షూల మీదే ఆస్‌బెస్టాస్ లేని లైనింగు అతికించి ఇచ్చాడు. "సాబ్, ఈ సైజు చూసి ఎన్నేళ్ళయింది" అని డబ్బుకంటే ఎక్కువగా సంతోషించాడు. బేరింగు సీలు కూడా మార్చాం, లేకపోతే కొత్త లైనింగూ అదే గతి పడుతుంది. డ్రమ్ములో తుప్పు పైపైదే కనుక ఎమెరీ కాగితంతో పోయింది. గాళ్ళు పడి ఉంటే లేతు పట్టించవలసి వచ్చేది.

కొత్త లైనింగు డ్రమ్ముకు అంతటా ఆనాలి. డ్రమ్ములో సుద్ద రాసి, షూలు పెట్టి చేత్తో తిప్పితే, ఎత్తుగా ఉన్నచోట సుద్ద అంటుతుంది. అక్కడ మాస్కుతోనే ఆకురాయి పట్టాలి. తర్వాత సుద్దంతా తుడిచేయాలి. కామ్‌కు గ్రీజు గోరంత చాలు. ఎక్కువైతే కారి లైనింగు మీదికే చేరుతుంది. కొత్త కేబుల్ పైకొసకు కాగితం గరాటు కట్టి, రాత్రంతా నూనె దిగనిచ్చాం.

చక్రం ఎక్కించేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, బ్రేకు ప్లేటు గాడి ఫోర్కులో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు వేయగానే ప్లేటే చక్రంతోపాటు తిరిగి కేబుల్ తెంపుకుంటుంది, మనిషి మిగలడు. రెండు, యాక్సిల్ పూర్తిగా బిగించకముందే చక్రం తిప్పి బ్రేకు గట్టిగా పట్టి ఉంచి, అప్పుడు బిగించాలి. దాంతో షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. చాలామంది ఇది చేయరు, ఆపైన బ్రేకు పట్టడం లేదని తిట్టుకుంటారు.

ఇంజను ఇంకా తయారు కాలేదు. అందుకని సెల్లార్ ర్యాంపు మీద ఇంజను లేకుండానే, హెల్మెట్టు పెట్టుకుని, మావాడు దొర్లుకుంటూ దిగాడు. మొదట వెనక బ్రేకుతో, తర్వాత రెండింటితో. వాచ్‌మన్ సుద్దముక్కతో ఆగినచోట గీతలు గీశాడు. రెండు గీతల మధ్య దూరం నా అడుగులతో కొలిచాను. నాలుగు అడుగులు. కొత్త లైనింగు ఇంకా ఒదగలేదు, అప్పటికే అంత తేడా.

ఆవిడ వచ్చి ఆ గీతల దగ్గర కాసేపు నిలబడింది. వంగలేదు కనుక చేతికర్రతో రెండో గీతను తాకి చూసింది. "కేబుల్ కొత్తదేనా?" అని మావాణ్ణి అడిగింది, నన్ను కాదు.

బండి ఇంకా ఎక్కలేదు. ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు, నేను ఇదంతా మీ ముందు చెబుతున్నందుకు తల అడ్డంగా ఊపుతున్నారు.