ఎదుటికి వచ్చిన పోపు



మా మాష్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి పదకొండో శతాబ్దపు పోపును ఎంచుకున్నానంటే నిర్వాహకులు కాస్త ఆశ్చర్యపోయారు. మాష్టారే ఉంటే ఆశ్చర్యపడేవారు కాదు. శాసనం ఏం చెప్పిందన్నది తర్వాత చూద్దాం, దాన్ని ఎవరు, ఎవరి ముఖం చూసి అమలు చేశారో ముందు చెప్పండి అనేవారాయన. తొమ్మిదవ లియో కథ చెప్పడానికి అదే సరైన పద్ధతి.

ముందు రోము పరిస్థితి. 1046 నాటికి ఆ పీఠం నాదంటే నాదని ముగ్గురు తగువులాడుకుంటున్నారు. వాళ్లలో ఆరవ గ్రెగరీ సంస్కరణ కోరినవాడే. కానీ తన ముందున్న తొమ్మిదవ బెనెడిక్ట్‌కు సొమ్ము ముట్టజెప్పి పీఠం ఖాళీ చేయించినవాడు కూడా ఆయనే! జర్మన్ రాజు మూడవ హెన్రీ ఇటలీకి వచ్చి, సుత్రిలో సభ పెట్టించి ఆ తగువు తీర్చి, తన దేశపు బిషప్పునొకరిని రెండవ క్లెమెంట్‌గా కూర్చోబెట్టాడు. క్లెమెంట్ ఏడాది తిరక్కుండానే పోయాడు. తర్వాత వచ్చిన రెండవ డమాసస్ మూడు వారాల పైచిలుకు మాత్రమే బతికాడు.

1048 చివర వర్మ్స్ నగరంలో హెన్రీ మరో మనిషిని ఎంచాడు. ఆయన టూల్ బిషప్పు బ్రూనో. 1002లో అల్సాస్‌లోని ఎగిస్‌హైమ్ కౌంటుల ఇంట పుట్టాడు, రాజకుటుంబానికి చుట్టం. ఇవాళ ఆ ఊరు ఫ్రాన్సులో ఉంది కాబట్టి ఆయన మావాడంటే మావాడని ఇరుదేశాల వాళ్లూ అనుకోవచ్చు. ఇంకా డీకనుగా ఉన్నప్పుడే, 1026లో, జబ్బుపడ్డ తన బిషప్పుకు బదులుగా టూల్ బలగాన్ని నడిపించుకుంటూ రెండవ కొన్రాడ్ దండయాత్రలో ఇటలీ వెళ్లాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అక్కరకొస్తుంది.

బ్రూనో ఒక షరతు పెట్టాడు. రోము ప్రజలూ గురువులూ తమంతట తాము ఎన్నుకుంటేనే పీఠం ఎక్కుతానన్నాడు. రాజలాంఛనాలన్నీ పక్కనబెట్టి, యాత్రికుడి వేషంలో, ఉత్త కాళ్లతో రోములో అడుగుపెట్టాడు. 1049 ఫిబ్రవరి 12న తొమ్మిదవ లియో పేరుతో పోపయ్యాడు. రాజు ఎంపిక చేసినవాణ్ని రోము కాదంటుందా, ఇదంతా పైపై తంతు కాదా అని అడగొచ్చు. తంతే కావచ్చు, కానీ రాజు మాట ఒక్కటే చాలదని అది బహిరంగంగా చాటింది. ఆయన వెంట వచ్చిన వాళ్లలో హిల్డెబ్రాండ్ అనే యువ సన్యాసి ఉన్నాడు. ఆ మనిషే తర్వాత ఏడవ గ్రెగరీ అయి, ఈ హెన్రీ కొడుకును 1077లో కనోస్సా కోట ముందు మంచులో నిలబెట్టాడు.

లియో ఏలింది ఐదేళ్లే. ఆ ఐదేళ్లలో రోములో కుదురుగా ఉన్నది తక్కువ. ఆల్ప్స్ దాటి ఉత్తరానికి మూడుసార్లు వెళ్లాడు. అంతవరకూ పోపు అంటే చాలామందికి ఎక్కడో ఉన్న పేరు, ముద్ర వేసిన ఒక తోలుకాగితం. ఈయన స్వయంగా ఊళ్లకు వచ్చి, బిషప్పుల ఎదుట కూర్చుని, పదవి ఎలా వచ్చిందని అడిగాడు. ఆయన సంస్కరణంతా అలా ఎదురుగా కూర్చుని అడగడంలోనే ఉంది.

1049 అక్టోబరులో రాన్స్ నగరంలో జరిగింది చూడండి. సెయింట్ రెమీ మఠానికి కొత్త ఆలయం కట్టారు, దాని ప్రతిష్ఠకు పోపు వచ్చాడు. ఫ్రెంచి రాజు మొదటి హెన్రీకి ఈ రాక నచ్చలేదు. దండయాత్ర ఉందని సాకు చెప్పి చాలామంది బిషప్పులను తన వెంట తీసుకుపోయాడు. అయినా ఇరవై మంది దాకా సభకు వచ్చారు. లియో రెమీ సాధువు అస్థికలను మామూలు చోట ఉంచనివ్వలేదు, ప్రధాన బలిపీఠం మీద, సభ మధ్యలో పెట్టించాడు. ఇక ఒక్కొక్కరూ లేచి, ఈ పదవి కోసం సొమ్ము ఇవ్వలేదని ఆ అస్థికల ఎదుట చెప్పాలి.

ఆతిథ్యమిచ్చిన రాన్స్ ఆర్చిబిషప్పే తడబడి, పోపుగారితో ఏకాంతంగా మాట్లాడతానన్నాడు. నెవేర్ బిషప్పు, తనకు తెలియకుండా తన వాళ్లు డబ్బు కట్టారని ఒప్పుకుని, చేతికర్రను పోపు పాదాల దగ్గర పెట్టేశాడు. లియో ఆయనకు వేరే కర్ర ఇచ్చి పదవిలో ఉంచాడు. నాంత్ బిషప్పుకు మాత్రం ఉంగరం, కర్ర రెండూ పోయాయి, గురువుగా మాత్రం మిగిలాడు. లాంగ్ర్ బిషప్పు మీద ఆరోపణలు మరీ ఘోరం. ఆయన తరఫున వాదించడానికి లేచిన బెజాన్సాన్ ఆర్చిబిషప్పుకు గొంతు పెగల్లేదట. నిందితుడు రాత్రికి రాత్రే పారిపోయాడు. గొంతు పోవడం సాధువు మహిమేనని అప్పటివాళ్లు నమ్మారు. భయం మహిమ అని నేనంటాను. పేదవాడో ధనికుడో, తప్పును నలుగురిలో చెప్పమంటే గొంతుకు అడ్డం పడేది అదే.

ఇందులో అందరికీ సమానంగా దయ దక్కలేదు. గురువులు పెళ్లాడకూడదన్న నియమాన్ని లియో బిగించాడు. రోములో గురువులతో కాపురం చేసే స్త్రీలను లేటరన్ భవనానికి బానిసలుగా చేయమన్నాడని, ఆయన్ను మెచ్చుకున్న సన్యాసి పీటర్ డామియనే రాశాడు. నెవేర్ బిషప్పులా కర్ర తిరిగి అందుకోవడానికి ఆ స్త్రీలకు సభ ఏదీ జరగలేదు.

ఇక యుద్ధం సంగతి. దక్షిణ ఇటలీలో నార్మన్ యోధులు ఊళ్లు దోచి, కోటలు ఆక్రమిస్తున్నారు. పాత సేనాని మళ్లీ లేచాడు. చక్రవర్తి అయిన మూడవ హెన్రీ పంపబోయిన సేనను ఐక్‌స్టాట్ బిషప్పు గెబార్ట్ వెనక్కి పిలిపించాడు (తర్వాత పోపు అయ్యింది ఆయనే, రెండవ విక్టర్‌గా). లియో స్వాబియన్ పదాతిని పోగుచేసుకుని, ఇటలీ బలగాలను కలుపుకుని బయల్దేరాడు. 1053 జూన్ 18న చివితాతే దగ్గర ఇటలీ వాళ్లు తొలి దెబ్బకే చెదిరిపోయారు. స్వాబియన్లు కదలకుండా నిలబడి దాదాపు అందరూ నేలకొరిగారు. నార్మన్లు పోపు పాదాల మీద పడి క్షమాపణ అడిగారు, ఆ వెంటనే ఆయన్ను బెనెవెంతోలో నెలల తరబడి అట్టిపెట్టుకున్నారు. పోపు కత్తి పట్టించడమేమిటని డామియన్ నిర్మొహమాటంగా తప్పుబట్టాడు. ఆ మాటే నిజమని నా అభిప్రాయం.

ఆ నిర్బంధంలో ఆయన గ్రీకు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ మైకేల్ కెరులారియస్‌తో, పులియని రొట్టె దగ్గర మొదలైన వివాదం అప్పటికే ముదిరింది. అక్కడికి లియో స్వయంగా వెళ్లలేని స్థితిలో ఉన్నాడు. కరకు మాటల కార్డినల్ హంబర్ట్‌ను, లొరేన్ ఫ్రెడరిక్‌ను, అమాల్ఫీ ఆర్చిబిషప్పు పీటర్‌ను పంపాడు. విడుదలై రోము చేరి, 1054 ఏప్రిల్ 19న చనిపోయాడు. జులై 16న హంబర్ట్ అక్కడి హేగియా సోఫియా ఆలయ బలిపీఠం మీద బహిష్కరణ పత్రం పెట్టేశాడు. ఏ పోపు తరఫున పెట్టాడో ఆ పోపు అప్పటికి మూడు నెలలుగా సమాధిలో ఉన్నాడు.

తొమ్మిది శతాబ్దాల తర్వాత, 1964 జనవరిలో పోపు ఆరవ పాల్, పాట్రియార్క్ అథెనాగోరస్ జెరూసలేంలో ముఖాముఖి కలుసుకున్నారు. మరుసటి ఏడాది డిసెంబరు 7న 1054 నాటి బహిష్కరణలను ఇరువైపులా రద్దు చేశారు.