దూరపు కచేరికి దస్తరము అందుట ఎట్లు?



కర్నూలు, కడప ప్రాంతముల మెట్టరైతునకు వాన పడిన పిదప పదును ఎన్నాళ్లు నిలుచునో మీకు మేము చెప్పనక్కర లేదు. ఆ కొలది దినములలోనే విత్తనము నేలలో పడవలెను. విత్తనమునకు అప్పు కావలెను; అప్పునకు అడంగలు, వన్-బి నకలు కావలెను; భూమిని తాకట్టు పెట్టవలసి వచ్చినచో ఈసీ కూడ కావలెను. కచేరిలో "లైను లేదు, రేపు రండు" అన్నచో, ఆ రేపటికి పదును ఆరిపోవును. కావున కంప్యూటరు సంగతి పట్నవాసులది మాత్రమే కాదు. మన సేద్యమునకు సంబంధించినది.

మన రాష్ట్రమున రిజిస్ట్రేషను శాఖ 1998లో 'కార్డు' పథకమును అమలులోనికి తెచ్చెను. అంతకు పూర్వము ఈసీ కొరకు గుమాస్తాలు పెద్ద పెద్ద ఇండెక్సు పుస్తకములు తిరగవేయవలసి వచ్చెడిది. దినములు పట్టెడి పని నిమిషములకు దిగెను. ఐనను నాటి ఏర్పాటులో ఏ కచేరి లెక్కలు ఆ కచేరి యంత్రములోనే యుండెడివి. ఒక్క గదిలో వాడుకొనుటకు అది చక్కని ఏర్పాటే. ఆ లెక్కలను దూరమునుండి చూడవలసి వచ్చినపుడే చిక్కు.

పాత ప్రోగ్రాము ఒక్క పద్దును వెదకుటకు పట్టికలోని పుటలెన్నింటినో తన యొద్దకు రప్పించుకొనును. పూర్వము ఒక్క సర్వే నంబరు చూచుటకై కరణము దస్తరమంతయు బండి కెత్తించి మన యూరికి తెప్పించుకొన్నచో ఎట్లుండెడిదో, ఇదియు నట్లే. త్రోవలో బండి విరిగిన దస్తరము చెదరును. పద్దు వ్రాయుచుండగా లైను తెగిన పట్టిక చెడును.

దీనికి మందు, దస్తరమును కదల్పకుండుటయే. ప్రోగ్రామును, లెక్కలను ఒకే చోట కేంద్ర యంత్రమునం దుంచవలెను. పల్లె కచేరిలో నొక్కిన అక్షరములు అచ్చటికి పోవును. అచ్చటి తెరబొమ్మ మాత్రమే ఇచ్చటికి వచ్చును. దీనినే రిమోటు డెస్క్‌టాపు అందురు. లైను తెగినను పని అచ్చట నిలిచి యుండును. కలిసిన పిదప విడిచిన చోటనుండి సాగించవచ్చును.

రెండవ త్రోవ, ప్రోగ్రామునే వెబ్ పద్ధతిలో క్రొత్తగా వ్రాయించుట. 2015లో వచ్చిన 'మీ భూమి', 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన 'ఈ-గ్రామస్వరాజ్' ఈ త్రోవవే. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు ఉమ్మడి ప్రోగ్రాము సమకూర్చుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో ఆమోదించెను. ఈ త్రోవ మేలైనదే గాని, కాలమును ధనమును కోరును. అంతవరకు మొదటిది ఆదుకొనును. ఐతే రెండింటను ఒక అపాయము గలదు: కేంద్ర యంత్రము ఆగిన అందరి పనియు ఆగును. కావున అచ్చట రెండవ యంత్రము సిద్ధముగా నుండవలెను.

ఇక మన వంతు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ప్రారంభమైన నాటినుండి యంత్రము మన యూరికే వచ్చినది. మన రాష్ట్రమున ఫైబరు తీగ చాలవరకు కరెంటు స్తంభములమీదుగా సాగినది. గాలివానకు స్తంభము కూలిన తీగయు తెగును. కావున సెల్‌ఫోను లైనొకటి తోడుగా నుండవలెను. కంప్యూటరునకు బ్యాటరీ యుండి, లైను పెట్టెకు లేకున్నచో ప్రయోజనము లేదు, రెండింటికిని ఉండవలెను. ఒకరి పాస్‌వర్డు వేరొకరు వాడరాదు. యంత్రములో ఇంకను పాత లెక్కలున్నచో ప్రతిదినము నకలు తీసి వేరొక చోట భద్రపరుపవలెను. విత్తుటకు ముందు మొలక చూచునట్లు, ఆ నకలు తిరిగి తెరచుకొనునో లేదో అప్పుడప్పుడు చూడవలెను.

లైను ఏనాడు, ఎంతసేపు తెగినదో ఒక పుస్తకమున వ్రాయింపుడు. దానిని పంచాయతీ సమావేశమున చదివింపుడు. నోటి ఫిర్యాదుకన్న తేదీలు గల ఫిర్యాదునకు పై అధికారులు త్వరగా బదులు చెప్పుదురు. మృగశిర కార్తె రాకముందే ఈ పనులు చక్కబెట్టుకొన్నచో, పదునుండగనే మన రైతు చేతికి కాగితము అందును.